ఇంటి మడి

మధులత తోటకూర ఆకు ఒకటి తుంచి ఎండకేసి పట్టుకుంది. ఆకుకి రెండు చిల్లులున్నాయి. ఆవిడ మొహం విప్పారింది.

పురుగు తిన్నదంటే మందు పడనట్టేనట. ఫోన్లో చూసిందట.

గంప ముందు కూర్చున్న పాపాయమ్మ కట్టల మీద నీళ్లు చిలకరించింది.

మధురవాడలో ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆమె గంప దించడం మొదలుపెట్టి ఆరేళ్లు. ఆనందపురం అవతల ముప్పై సెంట్ల నేలలో పండించి, పొద్దున్నే కోసుకుని ఆటోలో వస్తుంది. కొడుకు సింహాద్రి ఆ గేటుకే సెక్యూరిటీ.

నోరు జారింది పోయిన వేసవిలో.

ఇవి మీరు కూడా తింటారా అని మధులత మామూలుగానే అడిగింది. పాపాయమ్మ నవ్వేసి ఉన్నమాట చెప్పేసింది.

"మేం తినమమ్మా. అమ్మీదానికి మందు కొట్టక తప్పదు. మా ఇంటికి యేరే మడి ఉంది. దానికి పేడెరువే గానీ మందు సుక్క తగల్నివ్వం."

అక్కడ కూరలు పండించే ఇళ్లలో చాలావాటికి అలాంటి మడి ఒకటుంటుంది. నూతి పక్కన, నాలుగు మంచాలు పట్టేంత. అందులోది అమ్మరు. ఆ సంగతి పట్నంలో ఎత్తకూడదని ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. పాపాయమ్మకీ తెలుసు. అయినా వాగింది.

మధులత కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ ఇంటి మడిలోవే తనకి కావాలంది. ఎంత చెబితే అంత ఇస్తానంది. అన్నీ ఒక్కసారిగా అక్కర్లేదనీ, నెలకొకటి చొప్పున నిదానంగా మార్చుకుంటాననీ, అలా అయితేనే అలవాటు నిలబడుతుందనీ చెప్పింది.

ఒక్కటే కదా అనుకుంది పాపాయమ్మ.

మొదటి నెల టమాటా. తర్వాత బెండకాయ. ఆపైన వంకాయ, ఆనపకాయ, గోంగూర.

ఇంటి మడి వరసకు వరస మధురవాడకి తరలిపోయింది.

ఈలోగా కోడలు రోజారమణి నెల తప్పింది. కిందటేడు వచ్చిన కడుపు నాలుగో నెలలో పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. రోజారమణికి మాత్రం అప్పటినుంచీ మందు మడి అంటేనే భయం. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఏ మడిదో అడుగుతుంది. ఈసారి మంచం దిగొద్దన్నారు కాబట్టి నూతివైపు వెళ్లి చూడలేదు.

టమాటా కాపు అయిపోయిందని, బెండకి తెగులు పట్టిందని పాపాయమ్మ ఒక్కో సాకూ చెబుతూ, మడిలో మిగిలినదాంతోనే వండిపెట్టింది. చివరికి తోటకూర ఒక్కటే మిగిలింది.

సోమవారం మధులత ఆ తోటకూర అడిగింది.

పాపాయమ్మ కోడలి సంగతంతా చెప్పి, ఈ ఒక్కటీ వదిలెయ్యమని బతిమాలింది. మధులత అయ్యో పాపం అంది. సరేనని లిఫ్ట్ ఎక్కి వెళ్లిపోయింది.

మధులత భర్తే ఆ అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీ. గురువారం ఆయన సింహాద్రిని పిలిచి, వచ్చే నెల గేటు దగ్గర ఒక మనిషిని తగ్గిస్తామన్నాడు. ఎవరినన్నది ఇంకా అనుకోలేదన్నాడు. కేకలేసింది లేదు, గద్దించింది లేదు.

ఈ రోజు శుక్రవారం. అడక్కుండానే పాపాయమ్మ తోటకూర తెచ్చింది.

మధులత కట్టలన్నీ సంచిలో సర్దుకుంది. వెళ్లబోతూ ఆగి కోడలు ఎలా ఉందని అడిగింది. నిజంగానే అడిగింది.

"ఆ అమ్మాయికి మందులు కొట్టినవి మాత్రం పెట్టకు పాపాయమ్మా. అన్నీ ఒకేసారి కుదరకపోతే ఒక్కోటీ మానిపించు."

"అలాగేనమ్మా."

సింహాద్రి గేటు పట్టుకుని నిలబడ్డాడు. తల్లివైపు చూడలేదు.

ఇంటికొచ్చేసరికి రోజారమణి మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. నాలుగు రోజులుగా ఏం తిన్నా వాంతే. తోటకూర పులుసు తినాలనుందని, అదైతే లోపల నిలుస్తుందేమోనని చెప్పింది.

పాపాయమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. లేచి నూతి దగ్గరికి వెళ్లింది.

ఇంటి మడిలో మోళ్లే ఉన్నాయి.

అవతల అమ్మకం మడిలో తోటకూర నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క ఆకుకీ చిల్లు లేదు. బుధవారమే మందు కొట్టింది. గంపకెత్తాలన్నా ఇంకో నాలుగు రోజులు ఆగాలి.

వంగి నాలుగు గుప్పిళ్లు కోసింది. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, చేతులకి మందుంటుందని.

ఉప్పు వేసి కడిగింది. పసుపు వేసి కడిగింది. నాలుగుసార్లు నీళ్లు మార్చింది. అయిదోసారికి ఆకు చేతిలో నలిగిపోతుంటే ఆపేసింది.

కంచం అందుకుంటూ రోజారమణి అడిగింది.

"ఏ మడిదత్తా?"

"ఇంటిదేనే."

రోజారమణి కలుపుకుంది. మొదటి ముద్ద దిగింది. రెండోది దిగింది. వాంతి రాలేదు. చాన్నాళ్లకి ఆ పిల్ల మొహంలో కళ కనిపించింది. వేళ్లు నాకుతూ కంచం ముందుకు జరిపింది.

"ఇంకొంచెం ఎయ్యత్తా. ఆకలేత్తంది."

పాపాయమ్మ గరిట పట్టుకుని నిలబడింది. అయిపోయిందని అందామనుకుంది. గిన్నె ఇద్దరి మధ్యా మూత లేకుండా ఉంది. అందులో సగానికి పైగా పులుసుంది.

వేసింది.