చెరొకటి

ఆవిడ ఒక్క స్పీకరే తెచ్చింది. వ్యాన్ డ్రైవరు సాయం పడితే, షాపులో బల్ల పక్కన నిలబెట్టించింది.

"రెండోదాని సంగతి అడక్కు," అంది.

మెకానిక్ వంగి దాని వెనకవైపు చూశాడు.

మనిషి భుజం దాకా వచ్చే పాతకాలపు స్పీకరు అది. కింద మామూలు కోను ఉన్న చెక్కపెట్టె. పైన చిల్లుల రేకుల మధ్య బిగించిన పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ పొరకు విడిగా వేల వోల్టుల కరెంటు అందుతూ ఉండాలి. లేకపోతే పైభాగం మూగదే. రెండు స్పీకర్లకూ కలిపి ఆ కరెంటు ఇచ్చే డబ్బా లేదు.

"అది ఆయన దగ్గరే ఉండిపోయింది," అంది ఆవిడ గోడకేసి చూస్తూ.

"జత లేకపోతే దీనికి అందం లేదమ్మా."

"పలికితే చాలు బాబూ."

ఆయన నంబరు కనుక్కోవడం మెకానిక్‌కు పెద్ద పనేం కాలేదు. మర్నాడే పెద్దాయన డబ్బా పట్టుకుని వచ్చాడు. తెమ్మన్నట్టే రెండో స్పీకరునూ తెచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట, విడాకులప్పుడు, ఇంట్లో సామానంతా సగం సగం పంచుకున్నారు. పంతానికి పోయి వీటినీ చెరొకటి లాక్కున్నారు. అప్పట్నుంచి రెండిళ్లలోనూ వాటి మీద తడిబట్టలే ఆరాయి.

మెకానిక్ మూడు వారాలు వాటితోనే ఉన్నాడు. పాత పొరలు ఒలిచేశాడు. కొత్తవి ముడత పడకుండా లాగి అతికించాడు. కింది కోనుల చుట్టూ పొడైపోయిన స్పాంజి అంచులు మార్చాడు. సంతోషమూ లేదు, విసుగూ లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పని అయ్యాక ఇద్దర్నీ ఒకే ఆదివారం, సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాడు.

ఈ రకం స్పీకర్లకు సరిగ్గా మధ్యలో కూర్చుంటేనే గొంతు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పక్కకు జరిగితే పల్చబడిపోతుంది. అందుకని మధ్యలో రెండు కుర్చీలు ఆనించి వేశాడు.

ఆవిడ తన కుర్చీ ఎడమకు లాక్కుంది. పెద్దాయన తనది కుడికి జరుపుకున్నాడు. ఎవరి స్పీకరు ముందు వాళ్లు కూర్చున్నారు.

పాట మొదలైంది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. వెనక, మధ్యలో నిలబడ్డ మెకానిక్ ఒక్కడికే పాట పూర్తిగా అందింది.

"మోకాలు ఎలా ఉంది?" అన్నాడు పెద్దాయన, స్పీకరు వైపే చూస్తూ.

"ఉంది."

పాట అయిపోయింది.

"బాగా చేశావు," అంది ఆవిడ లేస్తూ. "ఆయన డబ్బా ఆయనకిచ్చెయ్. నాకు వేరేది చేసిపెట్టు."

మెకానిక్ సొరుగులోంచి రెండో డబ్బా తీసి చేతికిచ్చాడు. అవసరం పడకూడదనుకుంటూనే వారం కిందట చేసిపెట్టాడు.

రెండు వ్యాన్లు వచ్చాయి. ఒకటి అటు, ఒకటి ఇటు వెళ్లాయి. అతను కుర్చీలు గోడవారకు నెట్టాడు. లోపల ఏమీ అనిపించలేదు. షట్టరు సగం దించి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఈసారీ కుదరలేదే, అమ్మా నాన్నా ఎవరిది వాళ్లు పట్టుకెళ్లిపోయారు."