ఉన్నదున్నట్టు

దుబాసీ పనికి మొదటి సూత్రం ఒకటే. రోగి అన్నది డాక్టరుకి, డాక్టరు అన్నది రోగికి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఉప్పూ కారం జోడించకూడదు.

ఆ ఆస్పత్రి దుబాసీకి నాలుగు భాషలొచ్చు. ఎవరి తిట్లనైనా చెక్కుచెదరకుండా అప్పజెప్పగల ఘనుడు. అలాంటివాడికి ఆ ఉదయం ఇద్దరాడవాళ్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చోగానే చెమటలు పట్టాయి.

ఎడమవైపు పెద్దావిడ, పిత్తాశయం నిండా రాళ్లతో. కుడివైపు ఆ రాళ్లు తీయాల్సిన డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. పెద్దావిడ ఒప్పుకుంటేగా. ఇదివరకే ఓసారి ఆపరేషన్ థియేటర్ గుమ్మందాకా వచ్చి, చెప్పాపెట్టకుండా వెనక్కి తిరిగింది.

"కడుపు మీద చిన్న చిన్న కన్నాలు పెట్టి తీసేస్తాం. మర్నాడే ఇంటికెళ్లొచ్చని చెప్పండి," అంది డాక్టరు, స్కానింగు ఫిల్ము వెలుతురుకి పట్టి చూస్తూ.

చెప్పాడు.

"అబ్బాయీ, ఆ చేతులు చూడు. ఉల్లిపాయ తరగడం రాదు, నా పొట్ట కోస్తుందట," అంది పెద్దావిడ గోడకేసి చూస్తూ.

డాక్టరు కనుబొమలు పైకి లేచాయి. దుబాసీ సూత్రాన్ని గట్టున పెట్టాడు.

"కాస్త బెదురుగా ఉందట. కానీ మీ హస్తవాసి మీద నమ్మకం ఉందట."

పెద్దావిడకి పొలమారింది.

"మొండితనానికి మాత్రం నా దగ్గర ఆపరేషన్ లేదని చెప్పండి," అంది డాక్టరు.

"మీ మీద దిగులుతో ఆవిడకి రాత్రి నిద్ర పట్టలేదట," అన్నాడు దుబాసీ, నేల చూపులు చూస్తూ.

"అలా అందా?" పెద్దావిడ అతని వంక ఓరగా చూసింది. గొంతు మాత్రం మెత్తబడింది. కాసేపు కొంగు కొస నలిపింది. తర్వాత చాలా చిన్నగా, "భయమేస్తోందని చెప్పు," అంది.

ఈసారి మార్చడానికి ఏమీ లేదు. అయినా అతను నోరు తెరిచేలోపే డాక్టరు లేచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ లాక్కోలేదు.

"సరే, కొయ్యమను."

దుబాసీ ఆ మాట అందించబోయాడు. పెద్దావిడ అతన్ని చేత్తో ఆపి, మొదటిసారి సూటిగా డాక్టరు మొహంలోకి చూసింది.

"ఇదిగో కోడలు పిల్లా, ఏడాదిగా మనిద్దరి మధ్యా మాటలు మోసి మోసి మావాడి నోరెండిపోయింది, ముందు మీ ఆయనకి కాసిని మంచినీళ్లివ్వు."