ఆరు వారాలు

"ఆంటీ, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

బాలలక్ష్మి ఆగిపోయింది. యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు. పొద్దున ఆరున్నర. వాకింగ్‌కు వచ్చినవాళ్లు చెవుల్లో వైర్లు పెట్టుకుని చకచకా పోతున్నారు. ఎదురుగా ఒక కుర్రాడు, ఒక అమ్మాయి, చేతుల్లో కరపత్రాలు.

ఒక్క నిమిషమట. ఆమెతో ఎవరైనా నిమిషం మాట్లాడి ఏడు నెలలైంది. గ్యాస్ బండ తెచ్చేవాడు మాట్లాడతాడు గానీ, వాడడిగేది ఓటీపీ.

"మాట్లాడు బిడ్డా," అంది.

కుర్రాడి పేరు జోయెల్. భీమవరం వైపు నుంచి ఈ ఏడే వచ్చి ఎంఏలో చేరాడు. అమ్మాయి ప్రిస్కిల్లా, వాళ్లిల్లు సీతాఫల్‌మండి. ఇద్దరూ తార్నాకలో ఒక చర్చి తరఫున ప్రతి శనివారం క్యాంపస్‌లో సువార్త చెబుతారు. ఆ పొద్దున ఇరవై మందిని పలకరిస్తే ఇరవై మందీ తప్పించుకుపోయారు. ఆగింది ఈమె ఒక్కతే.

"మీ పేరేంటండీ?"

"బాలలక్ష్మి."

పేరు వినగానే జోయెల్ ప్రిస్కిల్లా వైపు చూశాడు. ఆమె సంచిలోంచి కొత్తవాళ్ల వివరాలు రాసే ఫారం తీసింది.

"ఈ మధ్య మిమ్మల్ని ఎవరైనా చర్చికి రమ్మన్నారా ఆంటీ?"

బాలలక్ష్మి కాసేపు ఆలోచించింది. "ఎవ్వరు పిలువలే బిడ్డా."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనే."

మామూలుగానే అంది. కానీ ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు ప్రాణం ఉసూరుమంటుంది. ముప్పై ఏళ్లు లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీలు చేసిన మనిషి. అంత సందడిలో బతికింది. ఫిబ్రవరిలో భర్త రాజలింగు పోయాడు. పాలివాళ్లు వచ్చి శవాన్ని జనగామ దగ్గర ఊరికి తీసుకుపోయారు. వాళ్ల పద్ధతిలో దినాలు చేసి, ఆమెను బస్సెక్కించారు. పిల్లల్లేరు. అప్పటి నుంచి తార్నాక గల్లీలో మేడమీద గది, ఒక టీవీ, ఆమె. మనిషన్నవాడు గడప తొక్కలేదు.

"ఇంటికొచ్చి ప్రార్థన చేస్తామండీ. బుధవారం నాలుగింటికి రావచ్చా?"

"నిజంగ వస్తరా?"

"తప్పకుండా వస్తాం ఆంటీ. మా చర్చి ఎక్కడంటే..."

"అది నేను ఎతుక్కుంట తియ్యి. మీరైతే రాండ్రి."

మంగళవారం నుంచే ఆమెకు కాలు నిలవలేదు. కింద వాటావాళ్లను అడిగి ఒక కుర్చీ తెచ్చుకుంది. బేకరీకి పోయి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చింది. బుధవారం నాలుగైంది. పది నిమిషాలు దాటింది. మెట్లమీద చప్పుడు లేదు. రారేమోలే అనుకుంది. అనుకుంటుంటేనే ఏడుపొచ్చింది.

నాలుగుంబావుకు వచ్చారు.

ప్రార్థన చేశారు. చాయ్ తాగారు. ఇక బాలలక్ష్మి మొదలుపెట్టింది. రెండు వందల మందికి పిండి కలపడం గురించి చెప్పింది. రాజలింగు దగ్గు గురించి చెప్పింది. తన చపాతీలకు హాస్టల్ పిల్లలు పెట్టిన పేర్లు చెప్పి తనే నవ్వింది. ఆరైనా ఆపలేదు. ప్రిస్కిల్లా రెండుసార్లు ఫోన్‌లో టైం చూసుకుంది. మూడోసారి ఫోన్ తీసి బ్యాగులో పడేసింది.

"మీ గురించి ఏమని ప్రార్థన చేయమంటారు ఆంటీ? ఫారంలో రాయాలి," అన్నాడు జోయెల్.

"మీరు మల్ల రావాలని చెయ్యుండ్రి."

జోయెల్ నవ్వాడు. "దానికి ప్రార్థనెందుకండీ? ఆదివారం చర్చికి రండి చాలు. కొత్తవాళ్ల ఇంటికి మేం వారం వారం వస్తాం. ఆరు వారాలు. మా చర్చిలో అది రూల్."

"ఆరు వారాలైనంక?"

"అప్పటికి మీరు మావాళ్లే అయిపోతారు కదా. ఇక మేం రావక్కర్లేదు. ఇంకో కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లాలి."

బాలలక్ష్మి తలూపింది. వాళ్లు వెళ్లాక వేళ్లమీద లెక్కపెట్టుకుంది. దసరా దాటుతుంది. అది చాలు, ఇంతకంటే ఎక్కువ ఆశపడకూడదు అనుకుంది.

ఆదివారం జోయెల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమెను తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"గీడెందుకు బిడ్డా, ఎనక కూసుంట."

"కొత్తవాళ్లు ముందే కూర్చోవాలి ఆంటీ," అంది ప్రిస్కిల్లా.

బాలలక్ష్మి కొంగు ముఖం మీదికి లాక్కుంది. పాట మొదలైంది. ఆమె పెదవులు కదిలాయి.

"అప్పుడే పట్టేశారు ఆంటీ," ప్రిస్కిల్లా మురిసిపోయింది. బాలలక్ష్మి చటుక్కున నోరు మూసుకుంది.

పాటయ్యాక పాస్టరుగారు మైకు అందుకున్నారు. "మన క్యాంపస్ పరిచర్య ద్వారా దేవుడు ఈ వారం ఒక కొత్త ఆత్మను ఇచ్చాడు. సంఘం ఉన్నది మనం కూర్చోవడానికి కాదు, బయటికి వెళ్లి వెతకడానికి. ఆ సోదరి లేచి, అందరి వైపు తిరిగి, వందనాలు చెప్పాలి."

బాలలక్ష్మి లేచింది. ఎవరైనా ఒక్క మాటంటే ఆ ఆరు వారాలూ పోయినట్టే. కింద వాటావాళ్ల కుర్చీ వాళ్లకు తిరిగి ఇచ్చెయ్యడమే.

తిరిగింది. మూడు వందల మంది. "వందనాలు," అంది. మూడో వరసలో ఒకావిడ కళ్లజోడు సర్దుకుని, నుదురు చిట్లించి, ఆమెనే చూసింది. బాలలక్ష్మి కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఆవిడ చేతులు పైకెత్తి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇరవై రెండేళ్ల కిందట ఇదే చర్చిలో బాప్తిస్మం తీసుకుని, మొన్న ఫిబ్రవరి దాకా ఒక్క ఆదివారమూ మానకుండా చివరి వరసలో కూర్చున్న బాలలక్ష్మి, ఇంతమందిలో ఒక్కరూ తనను గుర్తుపట్టలేదని నమ్మకం కుదిరాక, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.