ఇద్దరికీ ఒక్కడే లాయరు

“ఇంకో పది రోజులు ఆగాలమ్మా,” అన్నాడు లాయర్ జీవరాజు, ఫ్లాస్కులోంచి నిమ్మకాయ షర్బత్ గ్లాసుల్లోకి వంచుతూ.

హిమజకు ఆ గ్లాసు తీసి కిటికీలోంచి కనిపిస్తున్న క్లాక్ టవర్ మీదకు విసరాలనిపించింది. ఎప్పుడొచ్చినా పది రోజులే. కానీ షర్బత్ చల్లగా, తియ్యగా ఉంది. విసరకుండా తాగేసింది.

“నెలాఖరుకు మా లోన్ గడువు అయిపోతది సార్. మళ్లా మొదటి నుంచి బ్యాంకు చుట్టూ తిరగాలె,” అన్నాడు ఆమె భర్త దుర్గేష్.

“నన్నేం చెయ్యమంటరు బాబూ? అమ్మే ఆమె ఇంకా ఆలోచిస్త అంటున్నది. నేను ఇద్దరి మనిషిని. ఒకరి దిక్కు ఒరగొద్దు కద.”

మెట్లు దిగుతుంటే దుర్గేష్ పళ్లు నూరాడు. “ఈయన పక్కా అనసూయమ్మ మనిషి, హిమా. రేటు పెంచనీకె నాటకం.”

వాళ్లకు పెళ్లయి నాలుగు నెలలు. కార్ఖానా బస్తీలో దుర్గేష్ వాళ్లది రెండు గదుల ఇల్లు, ఏడుగురు మనుషులు. కొత్త జంట కబుర్లన్నీ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనే. మంచి మాట మధ్యలో ఉండగా ట్యాంకు పొర్లుతుంది. కింది నుంచి అత్తగారు “మోటర్!” అని కేకేస్తుంది.

అందుకే సీతాఫల్‌మండిలో అనసూయమ్మ ఫ్లాట్ చూడగానే హిమజకు కాళ్లు నేల మీద నిలవలేదు. కిరాయికున్నవాళ్లు ఏదో పెళ్లికి ఊరెళ్లారు. వాళ్లకు ఫోన్‌లో చెప్పి, అనసూయమ్మే తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి చూపించింది. హిమజ గదులు సరిగ్గా చూడనే లేదు. బాల్కనీలో నీలం డ్రమ్ములో నిమ్మచెట్టు ఉంది. గోళీలంత కాయలు. ఒక ఆకు తుంచి, నలిపి, దుర్గేష్ ముక్కు దగ్గర పెట్టింది. అక్కడే ఇల్లు కొనేశారు, మనసులో.

“ఈ చెట్టు సుత మాకేనా ఆంటీ?”

“కిరాయోళ్లు పెంచుకున్నరు బిడ్డా. రిజిస్ట్రేషన్ అయినంక ఖాళీ చేస్తరు. గంత డ్రమ్ము ఎవ్వరు మోస్కపోతరు? నీకే ఉంటది తియ్.”

లాయరు సంగతి కూడా ఆమే తేల్చేసింది. “ఇద్దరికి ఇద్దరు లాయర్లెందుకు, డబల్ ఖర్చు? మా జీవరాజు ఉన్నడు. పదేండ్ల సంది ఎరుక. ఆ ఇంటి సంగతి నాకన్నా ఆయనకే ఎక్కువ తెల్సు.”

తెలిసిన మాట నిజమే. మొదటి రోజే జీవరాజు కొత్త జంటను కూర్చోబెట్టి, ఇంటి లోపాలన్నీ విప్పి చెప్పాడు. వంటింట్లోకి పొద్దుటి ఎండ రాదు. వానొస్తే పడకగది కిటికీ కారుతుంది. రైళ్ల చప్పుడుకు ఏడాదిదాకా నిద్ర పట్టదు. “ఇంకో ఇల్లు చూసుకుంటేనే మీకు మంచిది. మీ మేలు కోరి చెప్తున్న,” అన్నాడు. హిమజకు ఆయన మీద గౌరవం కలిగింది.

చివర్లో ఒక షరతు పెట్టాడు. “కొనేవాళ్లు, అమ్మేవాళ్లు నేరుగా మాట్లాడుకోవద్దు. మాటా మాటా పెరుగుతది, బేరం చెడుతది. ఏదున్నా నాతోనే చెప్పండి.”

అందరూ సరేనన్నారు. అక్కడి నుంచి షురూ అయింది తక్లీఫ్. ఇంటి పన్ను రసీదు కావాలన్నాడు. తెస్తే, నల్లా బిల్లు ఏదన్నాడు. అదీ తెస్తే, కరెంటు బిల్లులో పేరు తప్పుందన్నాడు. పేరు దిద్దించుకొస్తే, ఇదిగో, అనసూయమ్మ ఆలోచిస్తోందట.

ఆదివారం సాయంత్రం కార్ఖానా బేకరీలో ఉస్మానియా బిస్కెట్ల కోసం నిలబడ్డప్పుడు, ముందున్న మనిషి వెనక్కి తిరిగింది. అనసూయమ్మ.

హిమజ షరతు మర్చిపోయింది. “ఏంది ఆంటీ గిట్ల చేస్తున్నరు? అమ్మబుద్ధి కాకపోతే ముందే చెప్పొద్దా?”

“నేనా?” అనసూయమ్మ కళ్లు పెద్దవయ్యాయి. “మీకు లోన్ వస్తలేదని, మీరే వెనకకు జరుగుతున్నరని కద జీవరాజు చెప్పిండు! సైనిక్‌పురిల మా అక్క ఇంటి పక్కన చిన్న ఇల్లు మాట్లాడుకున్న. అది చేయి జారిపోతదేమోనని నాకు నిద్రలేదు.”

“లోన్ ఎప్పుడో వచ్చింది ఆంటీ,” అన్నాడు దుర్గేష్. “ఇంకో వారమైతే పోతది.”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బేకరీ అతను బిస్కెట్ల పొట్లం చాపి పట్టుకునే ఉన్నాడు.

“మేము ఆయన మీ మనిషి అనుకున్నం,” అంది హిమజ.

“నేనేమో ఆయన మీ దిక్కు తిరిగిండనుకున్న.”

“మరి ఎవరి మనిషి ఆయన?”

“నడువుండ్రి,” అంది అనసూయమ్మ కొంగు బిగించి. “ఇయ్యాల ఆఫీసు ఉండదు. సీదా ఇంటికే పోదాం. మొగం మీదనే అడుగుత.”

ముగ్గురూ ఆటో ఎక్కారు. దుర్గేష్ అడగాల్సిన ప్రశ్నలు లోలోపల పేర్చుకుంటున్నాడు. హిమజ ఒళ్లో పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. ఇంత కోపంలోనూ ఒక బిస్కెట్ విరిచి అతని నోట్లో పెట్టింది. చిలకలగూడ దాటింది. ఆటో ఎడమకు తిరిగింది, మళ్లీ కుడికి తిరిగింది. ఈ సందులు ఎక్కడో చూసినట్టుందే అనుకుంది.

ఆటో ఆగింది. “మెల్లగ దిగు బిడ్డా,” అంది అనసూయమ్మ.

హిమజ దిగి తలెత్తి చూసింది: మూడో అంతస్తు బాల్కనీలో, లుంగీ పైకి మడిచి కట్టుకుని, నీలం డ్రమ్ములోని నిమ్మచెట్టుకు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు లాయర్ జీవరాజు.