నిమ్మకాయల జ్ఞానమ్మ

ఆ సోమవారం పొద్దున కంపౌండర్ కృపాదానం ముందు ఒక్క రోగి కూడా లేడు.

గురజాల దగ్గర కాలువ తవ్వే క్యాంపు అది. మూడేళ్ళుగా అక్కడ ఆయన డేరా ఆసుపత్రికి ఎదురే లేదు. జొన్నసంకటి, ఎండుకారం తప్ప ఇంకోటి ఎరగని కూలీలు. చిగుళ్ళ వెంట రక్తం కారని మనిషి అరుదు. అందరికీ ఆయన చిగుళ్ళకు పూసే ఎర్రమందే గతి.

మరి ఇవాళ ఏమైపోయారు వీళ్ళంతా?

బయటికొచ్చి చూశాడు. వంటపాక పక్కన ముప్పై మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఎవరో ముసలామె. ముందు నిమ్మకాయల గంప, మట్టికుండ.

"ఎవరన్నా ఆమె?" మేస్త్రీ సాంబశివరావుని అడిగాడు.

"జ్ఞానమ్మంటరా. వచ్చి పది రోజులైంది. ముందు నలుగురే ఆమె దగ్గరికి పోయారు. వాళ్ళకి రక్తం కట్టేసరికి ఇంక అందరూ అక్కడే."

కృపాదానం గబగబా అక్కడికి పోయాడు.

జ్ఞానమ్మ వంకాయను రెండు చెక్కలు చేసి, ఒకదానికి నిమ్మరసం పూసి పెట్టింది. కాసేపటికి పూయని చెక్క నల్లబడింది. పూసింది తెల్లగానే ఉంది.

"చూశారా? గాలి తగిలి నల్లబడింది. మన ఒంట్లో కూడా ఇట్టాగే లోపల్లోపల చెడిపోతా ఉంటదంట. ఈ రసంలో ఏందో విటమిన్ సి అని ఉందంట. అది ముందు తాను బలైపోయి ఒంటిని కాపాడతదంట. డాక్టరమ్మ చెప్పింది."

"ఏ డాక్టరమ్మ?" గుచ్చి అడిగాడు కృపాదానం.

"నరసరావుపేటలోనయ్యా." అంటూ గ్లాసు అందించింది. "మీరూ ఒక గుక్క తాగండి."

ఆయన ముట్టుకోలేదు. గుంటూరులో రెండేళ్ళు పని నేర్చుకుని వచ్చినవాడు, ఈ ముసల్దాని చేతి నీళ్ళు తాగాలా!

మర్నాడే రెండు గంపల నిమ్మకాయలు తెప్పించాడు. ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఒకటే: సూది గానీ నీళ్ళు గానీ, కాచేదాకా వాడకూడదు. అందుకని రసాన్నీ వదల్లేదు. రాగి గంగాళంలో పోసి గంటసేపు కళపెళా కాచాడు. సీసాలకెత్తి, 'ఆసుపత్రి టానిక్' అని చీటీలు అంటించాడు.

వారం గడిచింది. టానిక్ తాగినవాళ్ళ చిగుళ్ళు కారుతూనే ఉన్నాయి. ఒక్కొక్కరే మళ్ళీ కుండ దగ్గరికి జారుకున్నారు.

"ఆ ముసలమ్మ హస్తవాసే వేరప్పా!"

ఆ మాట ఆయన వింటుండగానే అనేవాళ్ళు. వింటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. అదే కాయ, అదే రసం. తన చేతిలో మాత్రం పని చెయ్యదేం?

ఓ మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ చూసి జ్ఞానమ్మే డేరాలోకి వచ్చింది.

"అయ్యా, రసం పొయ్యి మీద పెట్టబాకండి. కాస్తే దాని బలం చచ్చిపోద్ది. రాగిగిన్నె అసలే పనికిరాదంట. నీళ్ళు కాచి చల్లార్చుకోండి, నేనూ అట్టాగే చేస్తా. రసం మాత్రం పచ్చిదే పిండండి."

"నాకు నేర్పుతావా నువ్వు? పోవే బయటికి!"

ఆమె వంటపాక వైపు వెళ్ళిపోయింది. కృపాదానం తిన్నగా మేస్త్రీ దగ్గరికి పోయాడు.

"ఆమె పచ్చినీళ్ళు తాగిస్తంది. రేపు కలరా వస్తే నీదే పూచీ."

అబద్ధమని తెలిసే అన్నాడు.

"మంచి మనిషిరా ఆమె," నసిగాడు మేస్త్రీ.

"అయితే రాసివ్వు, కలరా రాదని!"

కలరా అంటే భయపడనిదెవరు? ఆ పూటే జ్ఞానమ్మను మాచర్ల పోయే లారీ ఎక్కించారు.

కృపాదానం ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయి పట్టుమని నెల్లాళ్ళు లేదు. కూలీల చిగుళ్ళు మళ్ళీ కారడం మొదలెట్టాయి. ఇక గత్యంతరం లేక, డేరా గుడ్డ దించుకుని ఎవరూ చూడకుండా ఆమె చెప్పినట్టే పచ్చిరసం పిండాడు. రెండు వారాల్లో క్యాంపంతా తెరిపిన పడింది.

"కంపౌండరయ్యా, నీ హస్తవాసికి తిరుగులేదు!" అన్నారు కూలీలు.

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం కుళ్ళి చచ్చాడో ఆ మాటే. తీరా చెవిన పడితే తల ఎత్తలేకపోయాడు. నేరుగా మేస్త్రీ దగ్గరికి పోయాడు.

"అన్నా, ఆమెను వెనక్కి పిలిపించు. ఊరేంది ఆమెది?"

"ఊళ్ళో ఇంక ఎవరూ లేరంది. ఏ క్యాంపులో జనానికి రక్తం కారుతుంటే అక్కడికి పోతానంది. ఎక్కడని వెతుకుతాం?"

"అసలు ఎవరన్నా ఆమె?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తెలిస్తే కూలోళ్ళు నిన్ను బతకనియ్యరంది."

"నన్నా? నేనేం చేశా?"

"పోయిన ఎండాకాలం నోరంతా రక్తంతో నీ దగ్గరికొస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించమని పంపించేశావే, మూడోనాడు మట్టి తవ్వుతానే కూలి చచ్చిపోయిన జయరాజు, వాడి కన్నతల్లిరా ఆమె."