రెండింతల వెడల్పు

1996 నవంబరు 14, గురువారం. తెల్లవారినప్పటి నుంచి తుంపర. తడవకుండా కట్టెలు లోపల పేర్చాను.

పోయిన నెల పాండియమ్మాళ్ మంచినూనె అమ్ముతూ మా వీధికి వచ్చినప్పుడు, ఆమె నూనె కొలిచే డబ్బాను దారం పెట్టి చూశాను. ఎత్తు అంగడివాడి కొలత డబ్బా అంతే. వెడల్పు దానికి రెండింతలు. ధర మాత్రం మూడింతలు.

"రెండింతల నూనెకు మూడింతల దుడ్డా?" అని అందరి ముందూ అడిగాను.

"దారమేల సామీ, పోసి చూడు," అంది ముసలామె.

"లెక్క తెలిసినోడికి పోసి చూసే పని లేదవ్వా."

ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత మా వీధిలోనూ పక్క వీధిలోనూ ఆమె దగ్గర ఎవరూ కొనలేదు.

ఈ పొద్దు ఆమె అదే డబ్బా చాపి, మా గడపలో గంజి అడిగింది. మా ఇంటి గ్లాసు సరిగ్గా అంగడి కొలతంత ఉంటుంది. నా భార్య మారీశ్వరి దానితోనే పోసింది. రెండు గ్లాసులకు డబ్బా సగమే అయింది. నాలుగోదానికి నిండింది.

"ఏమయ్యా, నాలుగు పట్టిందే! రెండే అంటివి కదా?" అంది మారీశ్వరి నాతో.

"గంజి వేరు, నూనె వేరు," అన్నాను.

"అట్లనా సామీ," అంది పాండియమ్మాళ్. "చదువు లేనిదాన్ని. తెలీక ఇన్నాళ్లూ అందరికీ అన్యాయం చేస్తిని."

గంజి తాగి, నాకు దండం పెట్టి వెళ్లింది.

ఈ రోజు సరుకులు: చింతపండు అర్ధకిలో, ఉప్పు ఒక పొట్లం, మంచినూనె నాలుగు కొలతలు, అంగడిలో, నాలుగింతల దుడ్డుకు.