పండూ అని పిలిచినావిడ

"మెట్ల కింది తలుపు తీయకు తల్లీ."

దుకాణం గుమ్మంలో పిల్ల చెయ్యి పట్టుకుని అందావిడ.

పిల్ల చెయ్యి విడిపించుకుని లోపలికి ఒకటే పరుగు.

ఆవిడను వీధిలో అందరూ స్తంభం పిచ్చిది అంటారు. బట్టలు కుట్టే ఆ దుకాణం ఎదుట, కరెంటు స్తంభానికి ఆనుకుని పొద్దస్తమానం నిలబడుతుంది. ఎవరినీ ఏమీ అడగదు. ఇటే చూస్తుంటుంది.

"అమ్మా, పిచ్చామె నా చెయ్యి పట్టుకుంది."

అమ్మ మిషను మీంచి తల ఎత్తలేదు. నోటి నిండా గుండుసూదులు. "ఊఁ" అంది.

"నాన్నా, మెట్ల కింది తలుపు వెనక ఏముంది?"

"తలుపేంటి? అది గోడ. అడ్డు లే."

నాన్న కత్తెర ఆగలేదు. పిల్ల అడ్డు లేచింది.

వాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. తీరిక లేనివాళ్ళు. పుట్టినప్పుడు పెట్టిన పేరేదో ఉంది కానీ, దాంతో పిలిచే ఓపిక ఎవరికీ లేదు. కుట్టుపనివాళ్ళు సరదాకి 'అడ్డుపిల్ల' అనేవాళ్ళు. అమ్మా నాన్నా కూడా నవ్వేవాళ్ళు.

తీయకు అన్నాక తీయకుండా ఎలా ఉంటుంది?

మధ్యాహ్నం మిషన్లన్నీ గడగడలాడుతుండగా పిల్ల మెట్ల కింద దూరింది. గుడ్డపీలికలు కుక్కిన బస్తాలను పక్కకు లాగింది. తలుపు ఉంది. తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది.

లోపల చీకటి. వెచ్చగా ఉంది. కొత్త గుడ్డ వాసన.

"వచ్చావా బంగారం? రా, ఒళ్ళో కూర్చో. ఏం తిన్నావు? ఎవరితో ఆడుకున్నావు?"

ముఖం కనపడలేదు. మెత్తని ఒడి మాత్రం తెలిసింది. ఆ మాటలు తనను ఎవరూ ఏనాడూ అడగలేదు. పిల్ల భయం మరిచిపోయి ఎక్కి కూర్చుంది.

కదిలే పన్ను సంగతి చెప్పింది. మేడ మీద పిల్లి ఈనిన సంగతి చెప్పింది. చెబుతుంటే హాయిగా ఉంది. చెప్పింది చెప్పినట్టే మనసులోంచి జారిపోతోంది.

"ఇంకా?" అంది లోపలావిడ.

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి. చుట్టూ పిల్లలు. ఇస్త్రీ చేసిన గుడ్డల్లా ఉన్నాయి ముఖాలు. ముక్కూ నోరూ ఉన్నాయా అంటే ఉన్నాయి.

పక్కనున్న చిన్నది చెవిలో గొణిగింది. "చెప్పకు. చెప్పిందల్లా పోతుంది."

"నువ్వన్నీ చెప్పేశావా?"

"పేరొక్కటే దాచుకున్నాను."

"ఇక్కణ్ణుంచి వెళ్ళలేమా?"

"బయటినుంచి ఎవరైనా పిలిస్తే వెళ్ళొచ్చు. ఒక్కళ్ళే. తర్వాత ఇక తలుపుండదు."

పిల్ల గొంతు చించుకుని అరిచింది. "అమ్మా!"

మిషన్లు గడగడలాడుతూనే ఉన్నాయి.

"నాన్నా!"

కత్తెర చప్పుడు వినిపించింది. ఆగలేదు.

"ఎవరూ రారు బంగారం. ఇంకా చెప్పు" అంది లోపలావిడ. చేతులు నడుం చుట్టూ బిగుసుకున్నాయి.

అప్పుడు వినిపించింది తలుపు అవతలినుంచి.

"పండూ! అమ్మలూ, రా తల్లీ!"

అంత ప్రేమగా తనను ఎవరు పిలిచారు? పండు ఎవరని పిల్ల అడగలేదు. అందిన చేతిని కసుక్కున కొరికి కిందికి దూకింది. పక్కనున్న చిన్నది కూడా అప్పటికే లేచి నిలబడి ఉంది.

"నువ్వూ రా" అని దాని చెయ్యి పట్టుకుని లాగింది. చేతులు అడ్డం పడితే తప్పుకుంది, జుట్టు దొరకబుచ్చుకుంటే విదిలించుకుంది. పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు.

గడప దగ్గర ఆ చెయ్యే జారిపోయింది.

తలుపు బయట, మెట్ల కింద స్తంభం పిచ్చిది మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చాచిన చేతుల్లోకి వచ్చి పడిన పిల్లను చూసింది. ఆవిడ ముఖంలో రంగు పోయింది.

"అయ్యో, పొరబాటైంది" అంది లోపలి గొంతు తియ్యగా. "దాన్ని ఇలా నెట్టెయ్. నీది నీకిచ్చేస్తాను."

ఆవిడ చీకట్లోకి చూసింది. తన కొంగు పట్టుకుని వణుకుతున్న పిల్లను చూసింది.

తలుపు మూసేసింది.

లోపలినుంచి ఎవరో చిన్నగా తట్టారు. ఆవిడ చెక్కకు చెంప ఆనించి, ఆ చప్పుడు ఆగేదాకా అలాగే ఉండిపోయింది. తర్వాత చూస్తే అక్కడ గోడే ఉంది.

"భయపడ్డావా?" అని పిల్ల ముఖం తుడిచింది. "పో, మీ అమ్మ దగ్గరికి పో."

"దుకాణంలోకి జొరబడ్డావా?" నాన్న వచ్చి ఆవిడను రెక్క పట్టుకుని వీధిలోకి నెట్టాడు.

అమ్మ సూదుల మధ్యనుంచి "ఆ దారంకండె ఇలా ఇవ్వు" అంది. పిల్ల ఇంతసేపూ లేదని ఆమెకు తెలియదు.

ఆ రోజునుంచి పిల్ల ఎవరూ లేనప్పుడు తనను తానే పండూ అని పిలుచుకునేది. ఆవిడ నోట ఇంకోసారి వినాలనిపించి స్తంభం దగ్గరికి వెళ్ళింది. ఆవిడ లేదు. మర్నాడూ లేదు.

గుండీలు కుట్టే మామ్మను అడిగింది.

"ఇంకెక్కడి ఆవిడే? ఆ స్తంభం దగ్గరే కూలిపోయింది. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి తీసుకుపోయారు."

"ఎవరు మామ్మా ఆవిడ?"

"మీకంటే ముందు ఈ ఇంట్లోనే అద్దెకుండేది. మెట్ల కింది తలుపులోంచి కూతురు వెళ్ళిపోయిందని ఏడ్చేది. అసలు ఆవిడకు కూతురున్నట్టే వీధిలో ఒక్కరికీ గుర్తు లేదు. పిచ్చిదన్నారు."

పిల్ల మామ్మ దగ్గరికి జరిగింది.

"ఆ కూతురి పేరేంటి?"

మామ్మ దారం కొరికి, ఇంకో గుండీ అందుకుంటూ, "పండు అనేది" అంది.